గడియారానికి చెవులు పెట్టించిన సంగతి

నాడి చూడడానికి ఇచ్చిన గడియారాన్ని నేను మొదటిసారి ఒక బాలింత పక్కలో పడేశాను. గడియారం కింద పడింది, నేను మాట పడ్డాను. రెండోసారి అది చేతులు కడిగే ఇత్తడి పళ్లెంలో పడి గుడి గంటలా మోగింది. వరండాలో పడుకున్న రోగులు ప్రార్థనకు వేళయిందనుకుని లేచి కూర్చున్నారు. అప్పుడు మాత్రం నాకు మాట కూడా పడలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

రాజమండ్రిలో ఆడవాళ్ల కోసం పెట్టిన చిన్న మిషను ఆసుపత్రి అది. నాలుగు గదులు, ఒక వరండా, ఒక నుయ్యి. సముద్రాలు దాటి వచ్చిన డాక్టరమ్మగారు ఒక్కరే వైద్యులు. ఆవిడ మన భాషను ఒక పండితుడి దగ్గర వ్యాకరణం ముందు పెట్టుకుని నేర్చుకున్నారు. అందుకని ఆవిడ మంచినీళ్లు అడిగినా శాసనం చదివినట్టుండేది. గడియారం మోగిన ఆ సాయంత్రం నన్ను పిలిచి, గడియారం చెవి దగ్గర పెట్టుకుని విని, ఇంకా నడుస్తోందని తేలాక మెల్లగా అన్నారు.

"ఇది మూడవమారు పడినయెడల నీవు మరల గుడ్డలుతుకు పనికి పోవలెను. నాడిని చూచుటకు వేరొకతెను నియమింతును."

గుడ్డలు ఉతకడం చెడ్డ పనేమీ కాదు. అంతకు ముందు రెండేళ్లు నేను చేసిన పని అదే. పురిటి గుడ్డలు, కట్టు గుడ్డలు, దుప్పట్లు అన్నీ ఉతికాను. ఆ రెండేళ్లలో నా చేతులు తెల్లబడ్డాయి గాని ముఖం మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. నన్ను నాడి పనికి ఎందుకు తీసుకున్నారంటే, మిషను బళ్లో చదివిన పిల్లలందరిలో పెదవులు కదపకుండా లెక్కపెట్టగలిగింది నేనొక్కదాన్నే. నాకున్న విద్య అదొక్కటే. మా అమ్మకు మాత్రం ఇది అర్థమయ్యేది కాదు. "నోరు మూసుకున్నందుకు నీకు ఉద్యోగమిచ్చారా?" అనేది ఆశ్చర్యంగా, ఇంట్లో ఆ విద్య ఎన్నడూ కనబరచలేదని.

కానీ ఆ పని రుచి మరిగినదాన్ని మళ్లీ ఉతుకుడు రాయి దగ్గరికి పొమ్మంటే ప్రాణం ఒప్పుకోదు. మొదటిసారి ఒక ముసలమ్మ చేతి మీద మూడు వేళ్లు ఆనించి, రెండో చేతిలో గడియారం పట్టుకుని కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ గడియారంలో పెద్ద ముళ్లు రెండూ కాక, అడుగున చింతగింజంత వలయంలో ఒక చిట్టి ముల్లు క్షణాలు దాటుకుంటూ తిరిగేది. పైన అది నడుస్తోంది. కింద, చర్మానికి అవతల, ఇంకొకటి నడుస్తోంది. ఒకటి ఎక్కడో చలిదేశంలో ఎవరో చేసినది. ఇంకొకటి మా అందరి కంటే ముందు ఎవరో చేసినది. రెండింటికీ పరిచయం లేదు. మధ్యలో నేను పెళ్లిళ్ల పేరయ్యలా కూర్చుని రెండింటినీ జత కలుపుతున్నాను. ఆ నిమిషం అయిపోయాక ముసలమ్మ "ఏమ్మా, ఉన్నానా?" అని అడిగింది. ఉన్నావన్నట్టు తలూపాను.

అయితే చిక్కంతా చేతులతోనే. నాడికి ఒక చెయ్యి, గడియారానికి ఒక చెయ్యి. మిగిలిన పనులన్నింటికీ మూడో చెయ్యి కావాలి. రోగి కదిలితే పట్టుకోవాలి, వాంతి వస్తే పళ్లెం అందించాలి, పసివాడు దొర్లితే ఆపాలి. దొరలకు కోటుంటుంది, కోటుకు జేబుంటుంది, జేబుకు గొలుసుంటుంది. నా చీరకు జేబు లేదు. బొడ్డులో దోపుకుంటే తీసేసరికి నిమిషం అయిపోయేది. తాడుతో మెళ్లో వేసుకుంటే వంగినప్పుడల్లా ఊగి రోగి ముక్కుకు తగిలేది. ముక్కుకు గడియారం తగిలిన మనిషి నాడి సహజంగా కొట్టుకోదు కదా.

డాక్టరమ్మగారు నన్ను ఊరికే బెదిరించి వదిలే మనిషి కాదు. మర్నాడు వాళ్ల దేశం నుంచి వచ్చిన పత్రికలో ఒక బొమ్మ చూపించారు. గుర్రం మీద ఒక సిపాయి. ఎడమ మణికట్టుకు తోలుపట్టీ, పట్టీ మీద గడియారం. నేనంతవరకు గడియారాన్ని మనిషి ఒంటికి కట్టడం చూడలేదు.

"యుద్ధమునందు సిపాయికి రెండు చేతులును కావలెను. ప్రసవమునందు మనకును కావలెను. ఇట్లు చేయింపుము" అన్నారు.

"పట్టీ గడియారానికి ఎలా తగులుతుందండీ?"

ఆవిడ బొమ్మను దీపం దగ్గరికి తీసుకెళ్లి చూశారు. బొమ్మ గీసినవాడు అక్కడ కొంచెం సిరా ఒలకబోసి తప్పించుకున్నాడు.

"తెలియదు" అన్నారు. ఆ మాట మాత్రం చక్కగా మనలాగే అన్నారు.

పట్టీకి దిగుల్లేదు. కోరుకొండ దగ్గర పల్లెలో మా మేనమామ చెప్పులు కుట్టేవాడు. మేకతోలు ముక్క ఒకటి తీసి, పది రోజులు ఆముదం పట్టించి, చేత్తో నలిపి, మళ్లీ పట్టించి, తమలపాకంత మెత్తగా చేసి, ఒక కొసకు తోలుగుండీ, రెండో కొసకు కంతలు పెట్టి ఇచ్చాడు. అంత మెత్తని చర్మం మా ఇంట్లో ఎవరి ఒంటి మీదా లేదు. గడియారాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని దేనికి కుట్టాలే కోడలా? కోడిగుడ్డులా నున్నగా ఉంది. పట్టుకోడానికి ఓ మూలైనా లేదు."

"నువ్వే ఏదో ఒకటి చెయ్యి మావా."

"తోలు నా మాట వింటది. వెండి వినదు. కంసాలి దగ్గరికి పో."

రాజమండ్రిలో ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఒక ముసలి ఆచారిగారు వీధరుగు మీద కూర్చుని పనిచేసుకునేవారు. నేను మెట్టు కింద నిలబడి, గడియారాన్ని అరుగు అంచున పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాను. అప్పట్లో అది మామూలు. ఆయన దాని మీద నీళ్లు చిలకరించి తీసుకోవడం కూడా మామూలే. చెంబు ఎత్తారు.

"నీళ్లు పడితే ఆగిపోతుందండి" అన్నాను గాభరాగా.

చెంబు గాలిలోనే ఆగింది. "మరి దీన్ని శుద్ధి చెయ్యడం ఎలాగ?"

"ఎలాగూ నిప్పులో పెడతారు కదండీ."

ఆయన ఒక కన్ను మూసి నన్ను చూశారు. పనిలో ఎప్పుడూ ఒక కన్ను మూసే అలవాటు వల్ల మనుషులను కూడా సగమే చూసేవారు. "అదీ నిజమే" అని చెంబు దింపేశారు. "ఏం కావాలి?"

"దీనికి చెవులు కావాలండి. ఇటొకటి, అటొకటి. పట్టీ దూరేలాగ."

"చెవులు కుట్టడం నా పనే. ఏడవని పిల్లకు కుట్టడం ఇదే మొదలు" అని గడియారాన్ని చేతిలోకి తీసుకున్నారు.

బొమ్మలో పట్టీ వెళ్లిన తీరును బట్టి నాకు తోచింది చెప్పాను. పన్నెండు అంకె దగ్గర ఒక చెవి, ఆరు దగ్గర ఒక చెవి. ఆయనకు అంకెలు తెలియవు. పొద్దు ఎంతయిందో ఎదురింటి గోడ మీద ఎండను చూసి చెప్పేవారు. అంకెల సంగతి వదిలేసి, పన్నెండు దగ్గర పైకి పొడుచుకొచ్చిన బొడిపెను వేలితో తాకారు. గొలుసు తగిలించే ఉంగరమూ, రోజూ తిప్పి కీ ఇచ్చే మరా ఉన్న చోటు అది.

"ఇక్కడ చెవి పెడితే ఈ ముక్కు మీద పట్టీ పడుతుంది. ముక్కు మూస్తే ఏ పిల్లయినా ఏడుస్తుంది. అది సరే, నువ్వు దీంతో ఏం చేస్తావు?"

"నాడి చూస్తానండి."

"ఎలా చూస్తావో చూపించు."

చూపించడానికి ఒక చెయ్యి కావాలి. ఆయన చెయ్యి నేను పట్టుకోవడం జరిగే పని కాదు. ఆయన చుట్టూ వెతికి, గాజులు గుండ్రంగా సాగగొట్టే కర్రను అరుగు మీదుగా నా వైపు దొర్లించారు. నేను మెట్టు మీద చతికిలబడి, ఆ కర్రను రోగి చెయ్యి అనుకుని, దాని మీద మూడు వేళ్లు వేశాను. నడివీధిలో కర్రకు నాడి చూస్తున్న నన్ను చూసి ఇద్దరు ముగ్గురు ఆగారు.

"జ్వరం ఉందా?" అన్నాడొకాయన.

"కర్రకు లేదు, నీకుంటే రా" అన్నారు ఆచారిగారు తలెత్తకుండా. ఆయన నా ముఖం చూడడం లేదు, కర్రనూ చూడడం లేదు. నా భుజం నుంచి వేళ్ల కొసల దాకా, చెయ్యి చాచిన వాలు చూస్తున్నారు. చాలాసేపు చూశాక బొగ్గు మసితో గడియారం మీద రెండు చుక్కలు పెట్టారు. ఒకటి మూడు దగ్గర, ఒకటి తొమ్మిది దగ్గర.

"అడ్డంగా పెడుతున్నారండి" అన్నాను. "బొమ్మలో అలా లేదు."

"నేను చెయ్యి చూసి గాజు చేస్తాను గాని బొమ్మ చూసి చెయ్యను."

ఆ తరవాత జరిగింది చెప్పడానికి నాకున్న మాటలు చాలవు. అయినా చెబుతాను, చాలని మాటలతోనే జీవితమంతా నెట్టుకొచ్చాను కనుక. ముందు ఒక సూది మొనను ఆకురాయి మీద పలచగా అరగదీశారు. దాంతో గడియారం అద్దం ఊడదీసి, వెనక మూత తెరిచి, ఆవగింజంత మరలు రెండు విప్పి, లోపలి యంత్రాన్ని మొత్తంగా పైకి ఎత్తి, మడిచిన పట్టుగుడ్డ మీద పెట్టారు. ఇల్లు వదిలి బయటికొచ్చిన ఆ యంత్రం ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. దాని మధ్య వెంట్రుక కంటే సన్నని తీగచుట్ట ఒకటి ముడుచుకుంటూ, విప్పారుతూ, ముడుచుకుంటూ ఉంది. పసిపిల్లల మాడు మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది చూడండి, అలాగ.

ఆచారిగారు మూసిన కన్ను తెరిచారు. రెండు కళ్లతో ఆయన దేన్నయినా చూడడం నేను చూసింది అదొక్కసారే.

"ఇది చేసినవాడి ఇంట్లో ఆకురాయి అందించడానికి కూడా నేను పనికిరాను" అన్నారు. దుమ్ము పడకుండా దాని మీద ఇత్తడి గిన్నె బోర్లించారు. పని మధ్యలో నాలుగుసార్లు గిన్నె ఎత్తి చూసుకున్నారు. చూడాల్సిన అవసరమేమీ లేదు.

ఒట్టి డొల్లగా మిగిలిన వెండి చిప్పను కుంపటి పక్కన పెట్టుకుని, వెండి తీగను అచ్చు కంతలోంచి లాగి, రెండు చిన్న కమానులుగా వంచారు. వాటి కాళ్లు చుక్కలు పెట్టిన చోట ఆనించి, అతుకు పట్టించే వెలిగారం తడిపి రాసి, టంకం పొడి చల్లి, ఊదుగొట్టం నోట పెట్టుకున్నారు. మంట నాలుకలా సాగింది. చిప్ప నల్లబడింది, తరవాత పొద్దుగుంకే రంగుకు తిరిగింది. ఎక్కువైతే చిప్ప కరిగిపోతుంది, తక్కువైతే అతుకు పట్టదు. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ఊపిరి. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నారో నాకు తెలియలేదు. నేను మాత్రం తీసుకోలేదు. టంకం ఉన్నట్టుండి నీళ్లలా మెరిసి, తీగ కాళ్ల చుట్టూ పాకి, నిలబడింది. అప్పుడు గొట్టం తీసి, "అయ్యింది" అన్నారు, అన్నం ఉడికిందన్నంత మామూలుగా.

నల్లబడ్డ చిప్పను చింతపండు నీళ్లలో కాచి, కుంకుడు నురుగుతో తోమితే కొత్త రూపాయిలా తేలింది. ఒక్కొక్క చెవికి తన సుత్తిని తాడు కట్టి వేలాడదీసి చూశారు. తరవాత గిన్నె ఎత్తి, ఒక్క క్షణం కూడా ఆగని ఆ గుండెను మళ్లీ దాని ఇంట్లో పెట్టి మరలు బిగించి, అద్దం తొడిగారు. నా తోలుపట్టీని ఆయన ముట్టుకోలేదు. తాటాకు ముక్క సన్నగా చీల్చి, దాంతో చూపించారు. ఒక చెవిలోంచి కిందికి దూర్చి, గడియారం వీపు కింద నుంచి పోనిచ్చి, రెండో చెవిలోంచి పైకి లాగారు. కుట్టు లేదు, ముడి లేదు. పట్టీ ఒకటే ముక్క, గడియారం దాని మీద స్వారీ చేస్తుంది. "ఇందులో ఏది దూరిస్తే అదే పట్టీ" అన్నారు.

డాక్టరమ్మగారు దాన్ని చూసి ముఖం చిట్లించారు. పన్నెండు అంకె వేళ్ల వైపు తిరిగి ఉంది. చెయ్యి మడిచి ఛాతీ ముందు పెట్టుకుని చూస్తే అంకెలన్నీ పక్కకు వాలి పడుకున్నాయి.

"ఇది అడ్డముగా నున్నది. చేసినది ఎవరు?"

"ఆచారిగారండి. ఆయనకు గడియారం చూడడం రాదండి" అన్నాను, తప్పు నా మీదకు రాకుండా.

ఆవిడ దాన్ని తన కుడిచేతికి కట్టుకుని, దగ్గర్లో పడుకున్న రోగి దగ్గరికి వెళ్లి చెయ్యి చాచి నాడి పట్టుకున్నారు. ఒక నిమిషం చూశారు. ఇంకో నిమిషం చూశారు. చాచిన చేతి మీద పన్నెండు తిన్నగా పైన ఉంది, ఆరు తిన్నగా కింద ఉంది. గడియారం, మణికట్టు, రోగి చెయ్యి అన్నీ ఒకే చూపులో ఉన్నాయి. ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. సిపాయి బొమ్మలోని గడియారం వేళ చూసుకునేవాడి కోసం. ఇది నాడి చూసేదాని కోసం.

తిరిగొచ్చి దాన్ని విప్పి నాకిచ్చారు. "అతనికి గడియారము చూచుట రాదంటివి."

"అవునండి."

"మనకు చేయి చూచుట రాదు" అన్నారు.

కోతలయ్యాక డాక్టరమ్మగారు ఏటా ధవళేశ్వరం నుంచి కాలవ పడవ మీద ఊళ్లు తిరిగేవారు. ఆ ఏడు తోడుగా నన్ను తీసుకెళ్లారు. షరతు పాతదే. గడియారం పడితే ఉతుకుడు రాయి.

మూడో రోజు పొద్దున కాలవగట్టు మీది ఒక ఊళ్లో పెద్ద రైతుల ఇంటి నుంచి కబురొచ్చింది. కోడలు ప్రసవించింది, నెత్తురు ఆగడం లేదు. డాక్టరమ్మగారు వెళ్లి చేయవలసింది చేశారు. నెత్తురు ఆగింది. అప్పుడే దిగువ ఊరి నుంచి ఇంకో కబురు. అక్కడ బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మగారు నా ఎడమచెయ్యి తీసుకుని ఈ ఇంటి కోడలి పొత్తికడుపు మీద పెట్టి అదిమారు. లోపల గర్భసంచి గట్టిగా, బంతిలా తగిలింది.

"ఈ చేయి తీయవద్దు. తీసినయెడల మరల నెత్తురు వచ్చును. పావుగంటకొకమారు నాడి లెక్కించి వ్రాయుము. నూట నలువది దాటిన తక్షణమే గట్టు మీద మనిషిని పరుగెత్తించుము. అంకె కావలెను. 'వేగముగా నున్నది' అని చెప్పి పంపవద్దు."

పడవ వెళ్లిపోయింది. ఆ అమ్మాయికి నా వయసే ఉంటుంది. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. ఆఖరి అంకె నూట ముప్పై ఆరు. దాటడానికి ఎంతో దూరం లేదు.

నాడి చూద్దామని కుడి రవిక చెయ్యిని మోకాలికి రాసి పైకి జరుపుకున్నాను. గుమ్మంలో కూర్చున్న అత్తగారు అప్పుడు చూసింది.

"ఏంటమ్మా అది చేతికి?"

"గడియారమండి."

"గడియారం సరే. దాని కింద?"

"తోలండి."

ఆవిడ లేచి నిలబడింది. "నువ్వెవరో, ఏ పల్లెదానివో నేనడగలేదు. పురుడు పురుడే, పదకొండో రోజు దాకా ఇల్లంతా మైలే, స్నానం చేస్తే పోతుంది. కానీ పొద్దున పుట్టిన పసిగుడ్డు పక్కన చచ్చిన గొడ్డు తోలు పెడతావా? తియ్యి."

"గొడ్డు కాదండి, మేక."

"మేకయితే బతికుందా?"

ఆ తోలు చేసిన చేతులు నా మేనమామవి. ఆ మాట నాలుక చివరి దాకా వస్తే, నాకు తెలిసిన ఒక్క విద్యా ఉపయోగించాను. పెదవులు కదపలేదు. పావుగంట కావస్తోంది.

"తీస్తానండి. కానీ ఈ చెయ్యి తియ్యకూడదు. తీస్తే మీ కోడలికి నెత్తురు మొదలవుతుంది. ఒంటి చేత్తో తియ్యలేను. మీరు కాస్త..."

"నేను తోలు ముట్టుకోవడమా?"

మంచం మీద నుంచి సన్నగా వినిపించింది. "నొప్పిగా ఉంది గాని, ఆ చెయ్యి మాత్రం తియ్యొద్దనండి అత్తయ్యా."

ఇక పళ్లే గతి. కుడిచెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుని తోలుగుండీని పళ్లతో విప్పి, పట్టీ కొస కరచుకుని లాగాను. ఆముదం రుచి తగిలింది. పది రోజుల మెత్తదనం ఆ ఒక్క లాగుడుతో తెలిసింది. రెండు చెవుల్లోంచీ పాములా జారి వచ్చేసింది. గడియారం నా ఒళ్లో పడింది. ఒళ్లో పడితే పడ్డట్టు కాదని అక్కడికక్కడే తీర్పు చెప్పేసుకున్నాను. పట్టీని నోటితోనే గుమ్మం అవతలికి విసిరాను. కుక్కలు చేసే పనే, కాని బాగానే చేశాను.

"ఇప్పుడు ఏదైనా గుడ్డపేలిక ఇవ్వండి."

ఆవిడ మూలనున్న పాత నూలు చీరల మూటలోంచి ఒకటి లాగి, అంచు పొడుగునా చింపింది. ఎన్నో ఏళ్లు ఉతికిన మెత్తని గుడ్డ. నా ఒళ్లోకి పడేసింది. నేను ఒంటి చేత్తో దాన్ని చెవిలో దూర్చబోయాను. గడియారం జారింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ జారింది. చిట్టి ముల్లు మాత్రం నా కోసం ఆగకుండా తిరుగుతోంది.

ఆవిడ అది చూస్తోంది. కోడలి పెదవులు చూసింది. బిడ్డను చూసింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇలా తే."

నా ఒళ్లోంచి గడియారం తీసుకుని, పేలికను నాలుకతో తడిపి మొన చేసి, ఒక చెవిలోంచి కిందికి, వీపు కింద నుంచి, రెండో చెవిలోంచి పైకి లాగింది. ఎవరూ చెప్పలేదు. లంగా బొందు ఎక్కించే చేతులకు వేరే చెప్పాలా? తరవాత నా చెయ్యి పట్టుకుంది. అవును, పట్టుకుంది. మణికట్టు మీద గడియారం ఆనించి, పేలికను మూడు చుట్లు తిప్పి, నోములో ముత్తయిదువకు తోరం కట్టినట్టు ముడి వేసింది. ముడి వేస్తూ అలవాటు కొద్దీ పెదవులు ఏదో గొణిగాయి. క్రైస్తవురాలినైన నా చేతికి ఏ దేవత రక్ష కట్టిందో నేనడగలేదు. అక్షింతలు మాత్రం వెయ్యలేదు.

మూడు వేళ్లు ఆనించాను. చెయ్యి చాచాను. పన్నెండు తిన్నగా పైన నిలబడింది.

"ఎంత?" అంది ఆవిడ.

"నూట ముప్పై ఎనిమిదండి."

"మంచిదా, చెడ్డదా?"

"పెరిగితే చెడ్డదండి. తగ్గితే మంచిది."

ఆవిడ మళ్లీ గుమ్మంలోకి వెళ్లలేదు. నేను నాడి మీద నుంచి కుడిచెయ్యి తీసి, పెన్సిలుతో అంకె వేసి, మళ్లీ కూర్చున్నాను. పావుగంట తరవాత అదే అంకె. అత్తగారు పరుగెత్తేవాణ్ని పెరట్లో సిద్ధంగా ఉంచింది. ఆ తరవాత నూట ముప్పై నాలుగు. నాలుగంటే నాలుగే తగ్గింది. ఇంతకాలం అంకెలను నేను అంకెలుగానే చూశాను. ఆ మధ్యాహ్నం ఒక్కొక్కటీ ఒక్కొక్క మెట్టయింది, ఆ అమ్మాయి నూతిలోంచి వాటి మీద కాలు పెట్టి పైకొస్తోంది. నా ఎడమచెయ్యి ఎప్పుడో మొద్దుబారింది. అది నా చెయ్యో ఆమె కడుపో తెలియడం మానేసింది. చిట్టి ముల్లు, ఆమె నెత్తురు, నా లెక్క. ఈ మూడూ ఆ పాతచీర పేలిక కింద ఒకే దారిన నడుస్తుంటే, నేను రోగి పక్కన కూర్చున్నానన్న సంగతి కూడా మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. నూట ఇరవై ఆరు. నూట పద్దెనిమిది. పొద్దు వాలేసరికి నూట నాలుగు.

కోడలు నిద్రపోయింది. నిజమైన నిద్ర. అత్తగారు నా మణికట్టు కేసి చూసింది. తరవాత తన చెయ్యి చాచింది.

"నాదీ చూడు."

నేను తటపటాయించాను.

"ఎలాగూ తలస్నానం తప్పదు కదా" అంది. "పొద్దుట్నుంచీ నా గుండె ఏమైపోయిందో నాకూ తెలియాలి."

చూశాను. ఆవిడ కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఊపిరి బిగబట్టనక్కర్లేదని చెప్పలేదు. నేనూ బిగబట్టే ఉన్నాను.

"ఎంత?"

"డెబ్బై ఆరండి. బాగుంది."

"బాగుందా" అంది ఆవిడ, తనకు తానే. ఎవరూ ఎన్నడూ అడగని సంగతికి జవాబు దొరికినట్టుంది ఆ ముఖం.

దీపాలు పెట్టే వేళకు డాక్టరమ్మగారి పడవ వచ్చింది. లోపలికి రాగానే నా చెయ్యి తీసి తన చెయ్యి పెట్టి చూసి, తలూపి, కాగితం అందుకున్నారు. అంకెల మీద వేలు పెట్టి కిందికి దిగుతూ ఆఖరి దాని దగ్గర ఆగిపోయారు.

"నూట నాలుగు తరువాత డెబ్బది ఆరా? ఇది అసంభవము. నీవు తప్పుగా లెక్కించితివి."

"కాదండి. ఆ ఆఖరిది ఈవిడది కాదండి."

"మరి ఎవరిది?"

అత్తగారు మూలన నిలబడి గోడకేసి చూస్తోంది. నేను ఆవిడ వైపు చూశాను. డాక్టరమ్మగారు కూడా చూశారు. తరవాత నా మణికట్టు మీది పేలికను, ఆ ముడిని చూశారు. తోలు ఏమైందని అడగలేదు. కాగితం నాకిచ్చి, ఆ అంకె పక్కన 'అత్తగారు' అని రాయించి, మడిచి తన సంచిలో పెట్టుకున్నారు.

"రేపటి గ్రామమునందు" అన్నారు సంచి మూస్తూ, "నీవు ముందుగా లోనికి పొమ్ము. నేను పడవలో నుందును. అవసరమైనయెడల అంకె వ్రాసి పంపుము."